సగం చెప్పిన పాఠం

పిల్లలూ! ముప్పై ఏండ్లు నేను ప్రొద్దుటూరులో భూగోళం చెప్పాను. "విశాఖపట్నం సహజమైన ఓడరేవు" అని ఎందరిచేతనో వల్లె వేయించాను. కాని ఆ రేవును కంటితో చూడలేదు. మొన్న వేసవి సెలవులలో విశాఖలోని మా అక్కగారింటికి అందరమూ వెళ్ళాము.

ఒక సాయంత్రం పాత ఊరిలోని వెంకటేశ్వర కొండ ఎక్కాము. కింద ఇరుకైన కాలువగుండా పెద్ద ఓడ ఒకటి లోపలికి వస్తున్నది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నది.

"ఆ కొండ అలలకు అడ్డు నిలుస్తుంది. అందుకే ఇది సహజమైన రేవు," అన్నాను.

"ఓడ వచ్చే కాలువ కూడా సహజమేనా, తాతా?" అన్నది మా మనుమరాలు.

నాకు జవాబు తెలియలేదు. రేవులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బావగారు చెప్పారు:

"కాదమ్మా! లోపల ఒకప్పుడు అంతా బురదనేల. దాన్ని తవ్వి రేవు చేశారు. 1933లో ఓడలు రావడం మొదలైంది. సముద్రం తెచ్చే ఇసుక కాలువను పూడ్చకుండా, రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. ఇసుకను తోడే పని నేటికీ ఉన్నది."

చూశారా! కొండను ప్రకృతి ఇచ్చింది. కాలువను మనుషుల చెమట ఇచ్చింది. నేను మొదటిది మాత్రమే చెప్పాను.

మీ అమ్మానాన్నలు నా దగ్గర చదువుకున్నవారైతే, మిగిలిన సగం పాఠం మీరు వారికి చెప్పండి.