ఆఖరి నెల – పునశ్చరణ పద్ధతి

విద్యార్థి జీవితంలో పరీక్షకు ముందరి ముప్పయి రోజులకు ఉన్నంత విలువా, వాటికి జరిగేంత దుర్వినియోగమూ మరే దినాలకూ లేవు. ఏడాది పొడుగునా నిశ్చింతగా గడిపినవాడు ఆ నెలలో నిద్ర మానుతాడు. ఏడాది పొడుగునా శ్రద్ధగా చదివినవాడు సైతం ఆ నెలలో చదివిందే చదివి, చివరకు పరీక్షాగృహంలో కలం పట్టుకొని దిక్కులు చూస్తాడు. మొదటివాని సంగతి అటుంచి, ఈ రెండవవాని కష్టం ఎందుకు వ్యర్థమవుతున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు నన్ను పురికొల్పినవాడు ఇంగ్లండులో చదువుకుంటున్న మా మేనల్లుడు. అక్కడి పదహారేండ్ల పిల్లలు వ్రాసే జి.సి.ఎస్.ఇ. పరీక్షలలో డిజైన్ అండ్ టెక్నాలజీ అనే పాఠ్యాంశం ఒకటున్నది. కొయ్య, లోహం, ప్లాస్టిక్, వస్త్రం మొదలైనవాటి గుణాలు తెలుసుకొని, ఒక అవసరాన్ని గుర్తించి, దానికి తగిన వస్తువును ఊహించి, గీచి, చేసి చూపడం ఆ విద్య. 2017 నుంచి బోధిస్తున్న ప్రణాళికలో సగం మార్కులు విద్యార్థి స్వయంగా రూపొందించిన వస్తువుకూ, దాని వివరణకూ కేటాయించారు. తక్కిన సగం రెండు గంటల వ్రాతపరీక్షకు. వస్తువు పని ముగిశాక ఆఖరి నెలలో మిగిలేది వ్రాతపరీక్షే.

“నీవు లెక్చరరువు కదా, వీనికి కాస్త దారి చూపు” అని మా ఆపా ఫోనులో కోరింది. తెలుగు బోధించే నాకు రంపం పట్టడం కూడా రాదు. అయినా కాదనలేక, నోట్సులో ఒక పుట చదివి వినిపించమన్నాను. చదివాడు. “ఇక పుస్తకం మూసి చెప్పు బేటా. ఏక్రిలిక్ రేకును వేడిచేసి వంచవచ్చునన్నావు. స్విచ్చీలకు వాడే యూరియా ఫార్మాల్డిహైడును అట్లా ఎందుకు వంచలేము?” అని అడిగాను. కొంతసేపు మౌనం. “థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్ మామూ!” అన్నాడు. పేరు వచ్చింది గాని కారణం రాలేదు. ఒకసారి గట్టిపడేటప్పుడు దాని అణుశృంఖలాలు ఒకదానితో ఒకటి అడ్డంగా ముడివడిపోతాయి. మళ్ళీ కాచినా మెత్తబడక మాడిపోతుంది. ఈ వాక్యం అతని నోట్సులో ఉన్నది. దాని క్రింద రంగుగీత కూడా ఉన్నదట!

కంటికి పరిచయమైనదంతా చేతికి వచ్చినట్లు భ్రమపడటమే మన విద్యార్థుల వ్యాధి కూడా. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు దీనిని పరీక్షించి చూశారు. ఒక పాఠం చదివాక కొందరు దానినే మళ్ళీ చదివారు; మరికొందరు చూడకుండా జ్ఞాపకమున్నంత వ్రాశారు. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం వారికి నూటికి 42 పాళ్ళు జ్ఞాపకముంటే, చూడకుండా వ్రాసినవారికి 56 పాళ్ళు ఉన్నది. పరీక్ష ఐదు నిమిషాల తర్వాత రాదు కదా!

కనుక మేనల్లునికి నేను చెప్పిన క్రమం ఇది. మొదటి వారం ఆరంభంలోనే పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం ముందుంచుకొని పూర్తిగా వ్రాయాలి. మార్కులు తక్కువ వచ్చినా సిగ్గుపడనక్కరలేదు. ఏది రాదో తెలియడమే ఆ నాటి లాభం. అతడు వ్రాసే ఏ.క్యూ.ఎ. బోర్డు పత్రంలో 100 మార్కులకు 120 నిమిషాలు. మార్కుకొక నిమిషం వెచ్చిస్తే చదువుకోవడానికీ సరిచూసుకోవడానికీ 20 నిమిషాలు మిగులుతాయి. సాధారణ సాంకేతిక సూత్రాలకు 20, ప్రత్యేక సూత్రాలకు 30, రూపకల్పన–తయారీ సూత్రాలకు 50 మార్కులు. మావాడు మాత్రం అధిక కాలం ఆ 20 మార్కుల భాగం మీదనే గడుపుతున్నాడు, అది సులభం గనుక! రెండవ వారం రాని అంశాలకు. ఒక్కొక్కటి మూసి వ్రాసి, మరునాడు, మూడవనాడు, వారానికి మళ్ళీ వ్రాయాలి. మూడవ వారం బొమ్మలకూ, లెక్కలకూ. ఆ పరీక్షలో కనీసం 15 శాతం మార్కులు గణితానివి. నాలుగవ వారం మరొక పూర్తి పత్రం, తప్పుల దిద్దుబాటు, కంటినిండా నిద్ర.

ఈ క్రమం మన కళాశాలకు పనికిరాదా? నిజానికి మనకే ఎక్కువ అవసరం. అక్కడ సగం మార్కులు ముందే చేతిపని ద్వారా సంపాదించుకోవచ్చు. మన విద్యార్థికి అధిక భాగం ఆ మూడు గంటలలోనే తేలాలి. పైగా మనలో చాలామంది ఇంట ఉర్దూలో ఆలోచించి, తరగతిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో సమాధానం వ్రాయవలసినవారు. విషయం తెలిసి కూడా మాట దొరకక ఆగిపోయిన జవాబుపత్రాలను ఎన్నింటినో దిద్దాను. ఆ లోటు చదువుతున్నంతసేపు బయటపడదు, వ్రాసినప్పుడే బయటపడుతుంది. ఆఖరి నెలలో బయటపడితే దిద్దుకోవచ్చు. పరీక్షనాడు బయటపడితే ఏడాది పోతుంది. ఫీజు కోసం తల్లి గాజులు తాకట్టు పెట్టిన ఇంట ఏడాది పోవడమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

ఈ సందర్భంగా కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు. ఆఖరి నెలలో గ్రంథాలయాన్ని చీకటిపడేదాకా తెరిచి ఉంచాలి; ఇంట చోటులేనివారికి అదే ఇల్లు. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలను కుట్టించి అందుబాటులో ఉంచాలి. ప్రతి శాఖలోనూ ముఖ్య పారిభాషిక పదాల పట్టికను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో తయారుచేయించాలి. మూడవదానికి డబ్బుకన్న అధ్యాపకుల శ్రమ అవసరం; అందులో నా వంతు శ్రమకు సిద్ధంగా ఉన్నాను.

విద్యార్థులారా! ఆఖరి నెల కొత్తగా ఆర్జించే కాలం కాదు, ఆర్జించినదాన్ని తూచుకునే కాలం. ఈ రాత్రి ఒక పాఠం చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం ముందుంచుకొని చూడండి. కాగితం మీద మిగిలినదే మీ సొత్తు.