“ఏమీ లేదు” అన్న మాట చాలునా?

గుడిబండ పల్లెల్లో నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. వేరుశనగ చేలో వంగి కలుపు తీసే తల్లికీ, పట్టుపురుగుల కోసం మల్బరీ ఆకు మోసే తండ్రికీ, ధర్మవరంలో మగ్గపు గుంటలో కాళ్లుంచి పొద్దంతా కూర్చునే నేతగానికీ ఇదే బాధ. 2020లో ప్రపంచమంతటా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయితే నొప్పి కన్నా ముందు మనిషిని పట్టి కుదిపేది భయం.

ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. రెండు వారాలుగా నడుము పట్టేసింది. సజ్దాకు వంగలేక కూర్చునే నమాజు చేస్తున్నది. హిందూపురం వెళ్లి డాక్టరుకు చూపిస్తే, ఆయన చేయి వేసి చూడకుండానే “ఏమీ లేదమ్మా, భయపడకు” అని మాత్రలు వ్రాసి పంపాడు. ఆయన మాట తప్పు కాకపోవచ్చు. కాని ఆమెకు వినిపించింది వేరు: “నా బాధను నమ్మలేదు!” రుజువు కోసం గాజులు తాకట్టు పెట్టి బెంగుళూరులో స్కాన్ తీయించుకున్నది. “డిస్కు అరిగింది” అని రిపోర్టు వచ్చింది. ఆనాటి నుండి బిందె ఎత్తదు, మనవణ్ణి ఎత్తుకోదు. కదలని నడుము మరింత బిగుసుకున్నది.

నడుము నొప్పి లేనివారికి తీసిన స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి పరిశీలించగా, ఇరవై ఏళ్ల వారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అంటే అది చాలామందిలో నెరిసిన వెంట్రుక వంటిదే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ గాజులు చేతికే ఉండేవి.

ఎముక విరిగినవారు ఎంతెంత దూరాల నుండో పుత్తూరు కట్టు కోసం ఎందుకు వెళ్తారు? అక్కడ చేత్తో తడిమి చూస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఆ ధైర్యం విలువైనదే. కాని ధైర్యం ఒక్కటే వైద్యం కాదు. పుండుపడిన విరుపుకు కట్టు కడితే, లేదా కట్టు మరీ బిగిస్తే, అవయవానికే ముప్పు.

భరోసా అంటే వట్టి ఓదార్పు కాదు. శ్రద్ధగా పరీక్షించడం, ప్రమాదం ఎందుకు లేదో వివరించడం, ఎన్నాళ్లలో తగ్గవచ్చునో, ఏమి చేయవచ్చునో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పడం. ఇవన్నీ విన్న రోగి స్కాన్ కోసం, సూది కోసం పట్టుపట్టడు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుందనీ, మంచం పట్టడం కన్నా ఓర్చుకోగలిగినంత మేరకు తిరగడమే మేలనీ గ్రహిస్తాడు. డాక్టరు చెప్పకపోతే మనమే అడుగుదాం: “ఇది ప్రమాదం కాదని ఎలా తెలిసింది? నేను ఏ పనులు చేయవచ్చు?”

కొన్ని లక్షణాలను మాత్రం ఏ భరోసాతోనూ కప్పిపుచ్చరాదు. మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్షయ లేదా క్యాన్సర్ ఉండటం, కింద పడిన తరువాత మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయరాదు.

ఇక మన వంతు. రోగిని పరామర్శించడం మన ధర్మం. అయితే మంచం ప్రక్కన కూర్చుని “మా బావ కూడా ఇలాగే మొదలై లేవలేకపోయాడు” అంటే అది పరామర్శ అవుతుందా? చేయి పట్టుకుని వాకిలి దాకా నాలుగడుగులు నడిపిద్దాం. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉన్నది. భయాన్ని పెంచకుండా ఉండటం మన చేతిలో ఉన్నది.