పత్రము నడుగు హక్కు, నిరాకరించు హక్కు

పార్లమెంటు సంఘములకు అధికారములు చాలవని కొందఱును, మితిమీఱుచున్నవని కొందఱును వాదించుచుండగా, లోక్‌సభ కార్యవిధాన నియమావళిలోని 270వ నియమమును చదివినచో ఈ తగవు చాలవఱకు తేటపడును. సాక్షులను పిలిపించుటకును, పత్రములను తెప్పించుకొనుటకును సంఘమునకు అధికారము గలదు. అవి విచారణకు సంబంధించినవా కావా యను వివాదము పుట్టినచో సభాపతి మాటయే తుదిమాట. అయితే ఆ వెనువెంటనే, వెల్లడించినచో రాజ్యభద్రతకుగాని, రాజ్యప్రయోజనమునకుగాని హాని కలుగునను కారణముచే ప్రభుత్వము పత్రమును నిరాకరింపవచ్చునని మఱియొక షరతు గలదు. ఆ హాని నిజమో నెపమో తూచువారిని మాత్రము నియమము పేర్కొనలేదు.

మన అమలాపురము ప్రతినిధి బాలయోగిగారు 1998 మొదలు 2002లో దుర్మరణము పాలగువఱకు అధిష్ఠించినది ఈ సభాపతి పీఠమునే. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో ప్రభుత్వము కూలిన నాటి సభను నడిపిన ఆ పీఠము, ఒక దస్త్రమును ఏకాంతమున చదివి నిర్ణయింపజాలదనుట విడ్డూరము.

కోనసీమవారికి ఇది ఢిల్లీ ముచ్చట కాదు. 2014 జూన్ 27 తెల్లవాఱుజామున నగరము గ్రామమున గెయిల్ గ్యాసు గొట్టము పేలి, నిద్రలోనున్నవారు నిద్రలోనే చిక్కుకొని, ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. ఇండ్లతోపాటు కొబ్బరిచెట్లును మాడిపోయెను. అట్టి గొట్టముల తనిఖీ పత్రములను రేపు ఏ సంఘమైన నడిగినచో, రాజ్యప్రయోజనమను ఒక్క మాటతో తలుపు మూయ వీలున్నది.

అట్లని సంఘములకు శిక్షించు అధికారము నీయవలెనని నేననను. గోదావరికి ఎగువన, ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణ టీకా వేసిన వ్యవహారమున, తల్లిదండ్రులకు బదులు వసతిగృహపు వార్డెన్లే పెక్కు సమ్మతిపత్రములపై సంతకములు చేసిన వైనమును ఆరోగ్య స్థాయీసంఘము 2013 ఆగస్టు నివేదికలో బయటపెట్టెను. దాని సిఫారసులు ప్రభుత్వమును బంధింపవు. అయినను ఆ నివేదికను న్యాయస్థానములు పరిశీలనకు తీసికొనవచ్చుననియు, దాని సాధుత్వమును మాత్రము ప్రశ్నింపరాదనియు 2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పెను. సంఘపు మాటకు ఆ మాత్రము విలువ చాలును. కావలసినది, చదువవలసిన కాగితము చేతికందుటయే.

సభాపతియు పాలకపక్షపు మనిషియే కావచ్చును గదా యందురేమో. అయినను పత్రము దాచుకొన్న మంత్రికంటె ఆయనయే మేలు. నిరాకరించిన ప్రతి పత్రమును సభాపతి చూచి తీర్పు చెప్పునట్లు 270వ నియమమును సవరింప మన సభ్యులు ప్రతిపాదింపవలెను. అందుకు చట్టముతో పనిలేదు. నియమముల సంఘము సిఫారసు చేసి సభ ఆమోదించిన చాలును, ఆ సంఘమునకు అధ్యక్షుడు సభాపతియే.