ఎవరి జీవితకాలం?

కారు కొన్నప్పుడు మన చేతిలో పెట్టే పుస్తకాలలోనూ, సర్వీసు కేంద్రాలవారి నోటా తరచు వినిపించే మాటలలో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. "ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో ఉన్నది జీవితకాలం సరిపడే చమురు, మార్చనక్కరలేదు" అన్నది. ఎవరి జీవితకాలమో మాత్రం చెప్పరు. కారుదా? వారంటీ కాగితానిదా? మొదటి యజమానికి ఆ కారుమీద మోజు తీరేదాకానా? కాస్త తర్కం తెలిసినవారెవరైనా, చెడిపోయేవరకు మన్నే చమురు ప్రతిదీ జీవితకాలపు చమురే కదా అని అడుగుతారు.

సాహిత్యం మాట్లాడుకునే చోటికి ఈ గ్రీజు మరకలేమిటని నొసలు చిట్లించే మిత్రులుంటారని తెలుసు. ఒక మాటలోంచి అర్థాన్ని తోడేసి, ఆ డొల్లమాటతో వ్యాపారం సాగించడం సాహిత్యాభిమానులు పట్టించుకోవలసిన విషయమేనని నా నమ్మకం. ఇక దీనిని తెలుగులో ఏమనాలన్నది మరో చిక్కు. మన మెకానిక్కులు అన్నిటినీ కలిపి గేరాయిల్ అనేస్తారు గాని, మాన్యువల్ గేరుపెట్టెలో పోసే చిక్కటి ఆయిల్ వేరు, ఇది వేరు. "స్వయంచాలిత ప్రసార ద్రవం" అని ఒక మిత్రుడు సూచించాడు. అది ఆకాశవాణివారి ఆస్తిలా వినిపిస్తోంది. కనుక చమురు అనే అంటాను.

ఇంజను ఆయిల్ మార్చాలని అందరికీ తెలుసు. అక్కడ ఇంధనం మండుతుంది, మసి చేరుతుంది, ఆయిల్ నల్లబడుతుంది. ట్రాన్స్‌మిషన్‌లో మంట లేదు కనుక చమురు చెడదని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ చమురు చేసే చాకిరీ చూడండి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని చక్రాలవైపు చేరవేసేది అదే. వాల్వుల సందుగొందుల్లో ఒత్తిడిగా మారి గేర్లు మార్చేది అదే. పళ్లచక్రాలకూ బేరింగులకూ కందెన అదే. వేడిని మోసుకుపోయి బయట దించేదీ అదే. వీటన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటుంది. క్లచ్చు పలకలు ఒకదానినొకటి పట్టుకునేటప్పుడు జారిపోకుండా, అలాగని కుదుపు రాకుండా, కావలసినంత రాపిడిని మాత్రమే ఇవ్వాలి. ఒకచోట జారుడు, మరొకచోట పట్టు. దానవీరశూరకర్ణలో కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ ఎన్టీఆరే అయినట్టు, ఇక్కడ అన్ని వేషాలూ ఒకే ద్రవానివి.

ఈ పట్టువిడుపుల కోసం మనిషి తిమింగలాన్ని కూడా వదలలేదు. జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ ట్రాన్స్‌మిషన్‌ను 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లతో బయటికి తెచ్చింది. దానికి తగిన చమురుకు 1949లో "టైప్ ఎ" అని ఒక ప్రమాణం ఏర్పరచింది. ఆ తరం చమురుల్లో రాపిడిని సవరించడానికి స్పెర్మ్ తిమింగలపు నూనె కలిపేవారు. 1970ల ఆరంభంలో అమెరికా తిమింగల ఉత్పత్తులను నిషేధించాక, దానికి ప్రత్యామ్నాయం వెదకడానికి రసాయనజ్ఞులు నానా తంటాలూ పడ్డారు. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, చమురు విలువలో పెద్ద పాలు దానిలో కలిపిన ఈ పదార్థాలదే. అరిగిపోయేవీ అవే. వేడికి చమురు ఆక్సీకరణం చెందుతుంది. పళ్లచక్రాల మధ్య నలిగి నలిగి చిక్కదనం కోల్పోతుంది. క్లచ్చు పలకలనుంచి రాలిన పొడి అందులోనే తిరుగుతుంది. ఆ ఎరుపు చమురు సహజగుణం కూడా కాదు. కారినప్పుడు ఇంజను ఆయిల్ కాదని తేలిగ్గా పోల్చుకోవడానికి కలిపిన రంగు.

ఇక అసలు విడ్డూరం. జర్మనీలోని జెడ్.ఎఫ్. సంస్థ బి.ఎం.డబ్ల్యు. వంటి అనేక కార్లకు ట్రాన్స్‌మిషన్లు తయారుచేసి ఇస్తుంది. ఆ సంస్థ చమురును 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చమంటుంది. మార్చుకోవడానికి కావలసిన సామగ్రిని పెట్టెలో పెట్టి అమ్ముతుంది కూడా. అవే ట్రాన్స్‌మిషన్లు బిగించిన కార్లను జీవితకాలపు చమురని చెప్పి అమ్మారు. యంత్రాన్ని కన్నవాడు మార్చమంటాడు, దానిని కారులో పెట్టి అమ్మేవాడు అక్కరలేదంటాడు. నేనైతే కన్నవాడి మాటే వింటాను. కారు నిర్వహణకు ఖర్చు తక్కువని చూపించుకోవడం అమ్మేవాడికి లాభం. వారంటీ దాటాక వచ్చే ఖర్చు అతని పద్దులో పడదు.

మరికొన్ని పుస్తకాలలో చిన్న అక్షరాలతో ఒక మినహాయింపు ఉంటుంది: "కఠిన పరిస్థితులలో" మాత్రం మార్చవలెను. ఎండలో ట్రాఫిక్‌లో ఆగుతూ సాగడం, బరువు లాగడం, టాక్సీగా తిప్పడం వంటివి కఠిన పరిస్థితులట. నేనుండే డాలస్ ప్రాంతంలో ఆగస్టు నెలలో సాయంత్రం ఐదింటికి ఆఫీసునుంచి ఇంటికి రావడాన్ని ఇంకేమనాలో ఆ పుస్తకం రాసినవారే చెప్పాలి.

చాలా కొత్త కార్లలో డిప్‌స్టిక్‌ను కూడా తీసేశారు. చమురు ఎంతుందో, ఏ రంగులో ఉందో యజమాని చూడాలంటే బండిని సమతలంగా పైకెత్తి, చమురును సుమారు 40 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, కింద బిరడా విప్పి, పొర్లేది పొర్లిపోయాక సన్నని ధారగా వచ్చేదాకా చూడాలి. (ఎన్ని డిగ్రీలన్నది బండినిబట్టి మారుతుంది.) అసాధ్యమేమీ కాదు. కాని ఒక ఇనుపరేకు ముక్కతో అర నిమిషంలో తేలే సంగతిని ఇంత తతంగం చేశాక, ఎందరు పూనుకుంటారు?

నష్టం ఎవరికి? కొత్త కారు కొని ఐదారేళ్లకు మార్చేసేవారికి ఏమీ కాదు. ఆ కారు చేతులు మారి మారి, లక్ష మైళ్లు దాటాక, నిన్నగాక మొన్న విమానం దిగిన మన తెలుగు విద్యార్థి చేతికి వస్తుంది. అప్పుచేసి వచ్చినవాడు, నలుగురు కలిసి తలా కొంత వేసుకుని కొంటారు. ఆరు నెలలకు గేరు జారడం మొదలవుతుంది. ట్రాన్స్‌మిషన్ విప్పి బాగుచేయడానికి చెప్పే ధర, ఆ కారు ఖరీదుకు సమానంగానో, ఎక్కువగానో ఉంటుంది. ఇలా వదిలేసిన కార్లను అపార్టుమెంటు ఆవరణల్లో ఎన్ని చూశానో! జీవితకాలపు బిల్లు చివరికి ముట్టేది ఆ కుర్రాళ్లకు. అందుకే కారు అమ్మేవాడు ఈ చమురు సంగతి చూసి అమ్మాలంటాను.

పని కష్టమా అంటే, డిప్‌స్టిక్ ఉన్న పాత హోండాల వంటి కార్లలో ఏమాత్రం కాదు. ముందుగా చమురు పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. పోసే బిరడా తుప్పుపట్టి కదలకపోతే, ఉన్న చమురు దించేశాక బండి అక్కడే సమాధి. జాకీ ఒక్కదానినీ నమ్మి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టి తీరాలి. చమురు గోరువెచ్చగా ఉన్నప్పుడు అడుగు బోల్టు విప్పి పళ్లెంలో పట్టాలి. బోల్టు చివర అయస్కాంతం ఉంటే దానిమీద బూడిదరంగు పేస్టు కనిపిస్తుంది. అది మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప రజను, పెచ్చులు కనిపిస్తే కథ వేరు. బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, దిగిన చమురును కొలిచి, సరిగ్గా అంతే కొత్తది పోయాలి. మట్టం చూసే పద్ధతి బండిబండికీ వేరు. హోండాలో ఇంజను వేడెక్కాక ఆపి, నిమిషం ఒకటిన్నర నిమిషం లోపల చూడాలి. చాలా ఇతర కార్లలో ఇంజను నడుస్తుండగా చూడాలి. చమురు కూడా బండికి చెప్పినదే వాడాలి. ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు, సి.వి.టి. చమురు అసలే వేరు.

బోల్టు విప్పితే మొత్తం చమురు దిగదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. ఏడు క్వార్టులు పట్టే బండిలో మూడు దిగాయనుకుందాం. ఒకసారి మార్చాక పాతది 57 శాతం ఉంటుంది. మధ్యలో అన్ని గేర్లూ పడేలా కొన్ని మైళ్లు నడిపి రెండోసారి మారిస్తే 33, మూడోసారికి 19. మొత్తం తొమ్మిది క్వార్టులు, వంద డాలర్లకు అటూ ఇటూ. తీసిన చమురును డబ్బాల్లో పట్టి ఇస్తే అమెరికాలో చాలా విడిభాగాల దుకాణాలవారు ఉచితంగా పుచ్చుకుంటారు.

"పాత బండిలో కొత్త చమురు పోస్తే ట్రాన్స్‌మిషన్ పోతుంది" అని భయపెట్టేవారున్నారు. చాలామంది చమురు మార్పించేది గేరు జారడం మొదలయ్యాకే. ఆ దశలో క్లచ్చు పలకలు అరిగే ఉంటాయి. చావుబతుకుల్లో ఉన్నవాడి నోట్లో తులసితీర్థం పోసి, తీర్థంవల్లే పోయాడన్నట్టుంటుంది ఆ వాదన. అయితే ఎన్నడూ మార్చని బండిని యంత్రానికి తగిలించి ఒత్తిడితో కడిగించడాన్ని నేనూ సమర్థించను. కొంచెం కొంచెంగా దించి పోయడమే మేలు. వారంటీ పోతుందన్న బెదిరింపు ఇంకొకటి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, యజమాని తన చేత్తో చమురు మార్చుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడం కుదరదు. రసీదులు దాచుకోవాలి, అంతే.

మనవాళ్లలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నవారికి కొదవలేదు. అయినా వాకిట్లో కారు కింద పడుకున్నవాణ్ణి చూస్తే "మీకెందుకండీ ఈ ఖర్మ" అని జాలిపడతారు. చేతికి మసి అంటడం మనకింకా హోదా తక్కువ పనే. ఇదొక పెద్ద వ్యాసానికి సరిపడే సంగతి గనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

హైదరాబాదు, విజయవాడల్లో ఉన్న మిత్రులకొక మాట. 2014లో మారుతి సెలేరియోతో మొదలై మనదేశంలో బాగా వ్యాపించిన ఎ.ఎం.టి. బండ్లలో ఉన్నది మాన్యువల్ గేరుపెట్టే. క్లచ్చునూ గేరునూ మనకు బదులు ఒక యంత్రం కదుపుతుంది. వాటికి పైన చెప్పిన ఎర్రచమురు లెక్క వర్తించదు. ముందు మీ బండిలో ఉన్నదేమిటో పుస్తకంలో చూసుకోండి.

నేను అమ్మిన రెండు కార్ల గ్లవ్‌బాక్సుల్లోనూ ఒక చీటీ ఉంచాను. తేదీ, మైళ్లు, చమురు పేరు, ఎంత దించి ఎంత పోసిందీ, అయస్కాంతానికి ఏమంటిందీ రాశాను. రెండోది కొన్న కుర్రవాడు ఆ అయస్కాంతం మాట అర్థంకాక ఫోను చేశాడు. చెప్పడానికి అరగంట పట్టింది.