ఎత్తు నుంచి జారిన ప్రాణాలకు లెక్కేది?

2023 సెప్టెంబరు 10న ఠాణేలో నలభై అంతస్తుల భవనంపై పని ముగించుకొని దిగుతున్న కూలీలతో నిర్మాణ లిఫ్టు కూలిపోయింది. ఏడుగురు మరణించారు. ఐదు రోజులకే గ్రేటర్ నోయిడాలో మరో నిర్మాణ లిఫ్టు కూలి మరికొందరు వలస కూలీలను బలిగొంది. యంత్రం గురించి, కాంట్రాక్టరు గురించి చర్చ జరిగింది. ఆ వేదికలపై నిలబడేది ఏ కులాల మనుషులన్న ప్రశ్న చర్చకు రాలేదు.

భూమి కింద జరిగే మరణానికి కులం ఉందని ఒప్పించడానికి సఫాయి కర్మచారులు దశాబ్దాలు పోరాడారు. ఆ పోరాటం వల్లే 2013 చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఎత్తున జరిగే మరణాలకు అటువంటి లెక్క లేదు. ఇ-శ్రమ్ నమోదులో కార్మికుడి సామాజిక వర్గాన్ని అడిగే ప్రభుత్వం, ఏటా ప్రచురించే ప్రమాద మరణాల గణాంకాలలో దాన్ని చూపదు.

ప్రమాదానికి కులం తెలియదని కొందరంటారు. నిజమే, తెగే తీగకు తెలియదు. ఆ తీగ కింద ఎవరు నిలబడాలో నిర్ణయించే ఏర్పాటుకు తెలుసు. భూమి లేని దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల కుటుంబాలు ముందుగా తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి మేస్త్రీ వెంట వలసపోతాయి. పాలమూరు కూలీల చరిత్ర అంతా ఇదే. అప్పులో ఉన్నవాడు 'ఈ లిఫ్టు ఎక్కను' అనలేడు. కులం పనిని మాత్రమే కాక పనిచేసేవారినే అంతస్తులుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించారు.

రక్షణ సూత్రం చాలా సులభం. వేలాడే వేదికపై పనిచేసేవాడి బెల్టును ఆ వేదికకు కాక, పైకప్పుకు విడిగా బిగించిన తాడుకు తగిలించాలి. అప్పుడు వేదిక కూలినా మనిషి మిగులుతాడు. ఆ రెండో తాడు ఖర్చు భవన వ్యయంలో లెక్కలోకి రానంత తక్కువ. అయినా అది కనిపించదంటే, లోపం సాంకేతికతలో లేదు. ఆ ప్రాణానికి కట్టిన విలువలో ఉంది.

1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది ఉన్నచోట భద్రతా అధికారిని తప్పనిసరి చేసింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. మంచిదే. కానీ పనిని చిన్న చిన్న ముఠాలుగా చీల్చి సబ్ కాంట్రాక్టులకు ఇచ్చే రంగంలో ఏ యజమానీ కాగితంపై అంతమందిని చూపనవసరం లేదు.

అందుకే మూడు డిమాండ్లు ముందుకు రావాలి. ప్రతి నిర్మాణ మరణ నివేదికలో సామాజిక వర్గాన్ని నమోదు చేయాలి. ఎన్ని సబ్ కాంట్రాక్టులున్నా బాధ్యత ప్రధాన నిర్మాణ సంస్థదే కావాలి. ప్రమాదకరమైన వేదిక ఎక్కనన్న కూలీకి ఆనాటి కూలి దక్కాలి. కార్మిక సంఘాలు, కులనిర్మూలన ఉద్యమాలు ఈ మూడింటిపై కలిసి నడవకపోతే, తరువాతి మరణం కూడా 'ప్రమాదం' అన్న ఒక్క మాటతో ముగుస్తుంది.