గుడి వాకిలి – పొద్దుపొడుపు

ఆలంపురమున తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మాలయములు తూర్పు ముఖముగా నిలిచియున్నవి. బాదామి చాళుక్యుల కాలమున, క్రీ. శ. 7, 8 శతాబ్దములలో వెలసినవి. పేరునకు బ్రహ్మలే గాని గర్భగృహములందున్నవి శివలింగములు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అను ఈ పేర్లు ఓషధుల పేర్లే యనియు, రసవిద్య నెరిగిన ఒక సిద్ధుని కథతో వీనికి సంబంధము కలదనియు ఐతిహ్యము. ఐతిహ్యమును పట్టుకొని ఇవి వైద్యాలయములనియు, వేధశాలలనియు తీర్మానించువారు లేకపోలేదు.

కథ కథగా విలువైనదే. కాని అర్కమనగా జిల్లేడు, అర్కుడనగా సూర్యుడు. పేరొక్కటే చూచి ఏ యర్థమని నిర్ణయింపగలము?

గ్రీసు దేశమున ఎపిదౌరస్‌లోని అస్క్లేపియస్ క్షేత్రమున రోగులు నిద్ర చేసెడివారు. మన పల్లెలలో నేటికిని గుడిలో నిద్ర చేయువారు కలరు. అయితే అచ్చట కుదిరిన రోగముల వివరములు రాళ్లపై చెక్కబడి దొరకినవి. పేర్ల పోలికను అట్టి శాసనములతో సమానము చేయరాదు. ఇక దిక్కుల సంగతి. నార్మన్ లాకియర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1894లో వెలువరించిన గ్రంథమున ప్రాచీనాలయముల దిశలను సూర్యనక్షత్రోదయములతో ముడివెట్టెను. గ్రీకు ఆలయములు పెక్కు తూర్పు చూచుట నిజమే. కాని మహమ్మారిని బాపెనని ప్రసిద్ధుడైన అపోలోకు బస్సేలో కట్టిన గుడి ఉత్తరముఖము!

ఆలంపురము దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అచ్చట సూర్యుడు తూర్పునకు ఉత్తరముగ 24 డిగ్రీలకు పైగాను, దక్షిణముగ నంతయును జరిగి ఉదయించును. మొత్తము ఇంచుమించు 49 డిగ్రీలు. ఈ మేరలో ఏ వైపు వాకిలి పెట్టినను, అడ్డేమియు లేనిచో, ఏటికి రెండు మారులు పొద్దుపొడుపు దాని కెదురుగా వచ్చితీరును. కావున ఫలానా దినమున కిరణము లింగమును తాకెనన్నంత మాత్రమున శిల్పి సంకల్పము రుజువు కాదు. అనేకాలయములను కొలిచి, ఒకే దినము మరల మరల వచ్చెనా యని చూడవలెను.

కొలుచుటకు యంత్రములేవియు అక్కరలేదు. సూర్యసిద్ధాంతము, మయమతము చెప్పిన శంకువు చాలును. చదును నేలపై వృత్తము గీసి, నడుమ కర్ర నిలిపి, ఉదయము, సాయంకాలము నీడకొన వృత్తమును తాకిన రెండు చోట్లను కలిపినచో తూర్పు పడమరల రేఖ వచ్చును. గద్వాల కోటలోని చెన్నకేశవాలయము, వనపర్తి సీమలోని శ్రీరంగాపురము, నాగర్‌కర్నూలు వైపు సోమశిల — ఏ పాఠశాలకు దాపున నున్న గుడిని ఆ పాఠశాల కొలువవచ్చును. భూగోళ, గణిత, చరిత్ర పాఠములు మూడును ఒక్క ఉదయమున నడచును. ఉపాధ్యాయులు పూనుకొనవలసినది దీనికే గాని, విన్నదానిని పిల్లలచేత వల్లె వేయించుటకు కాదు.

ఒక జాగ్రత్త మాత్రము తప్పదు. శ్రీశైలం జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమున మరల కట్టిరి. సోమశిల, జటప్రోలు ఆలయములును అట్లే తరలినవి. రాళ్లు పాతవే గాని నేల క్రొత్తది. వాని వాకిండ్లు నేడు చూపు దిక్కు పునర్నిర్మాతలు నిలిపినది. వీనిని కొలిచిన పట్టికలో ఆ సంగతి వేరుగా వ్రాసియుంచవలెను.