బేరింగు మార్చినా చక్రం ఎందుకు ఊడుతోంది?

కోతలు మొదలయ్యాయంటే చాలు, ఏదో ఒక ఊరి రోడ్డు పక్కన ట్రాక్టరు ట్రక్కు జాకీ మీద కనిపిస్తుంది. హబ్బు విప్పి ఉంటుంది. పక్కన గోనెపట్టా మీద మాడిన గ్రీజు, నీలం రంగు తిరిగిన బేరింగు. "పోయిన నెలలోనే కొత్తది వేయించామండీ" అంటారు. మరి ఎందుకు పోయిందంటే జవాబులు రెండే. మాలు మంచిది కాదు, లేకపోతే లోడు ఎక్కువైంది. రెండూ నిజం కావచ్చు. నకిలీ బేరింగులు బజార్లో ఉన్నాయి, మనం వేసే లోడు కూడా తక్కువేం కాదు. కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు తప్పు బేరింగులో లేదు, దాన్ని కూర్చోబెట్టిన చోట ఉంది.

మా పక్క ఊరి కౌలు రైతు సంగతే తీసుకుందాం. ఎడమ చక్రం ఊగుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బేరింగులు మార్చి పంపాడు. ఇరవై రోజులకే మళ్లీ ఊగింది. ఈసారి ఇంకో షాపులో బేరింగులతో పాటు సీలు కూడా మార్చారు. అదీ నిలవలేదు. మూడోసారి ఇరుసు కొనకు వెల్డింగు పోసి, లేతు పట్టి ఇచ్చారు. ధాన్యం లోడుతో కాలవ కట్ట ఎక్కుతుండగా ఆ కొన మెడ దగ్గర విరిగి చక్రం ఊడిపోయింది. బస్తాల మీద ఎప్పుడూ కూర్చుని వెళ్లే ఆడకూలీలు ఆ రోజు నడిచి వెనకాల వస్తున్నారు కాబట్టి సరిపోయింది. మూడు రిపేర్లకు కలిపి 11 వేలు పైన అయింది. ఒక్కదానికీ బిల్లు లేదు.

తర్వాత విప్పి చూస్తే కథంతా ఆ ఇనుము మీదే రాసి ఉంది. ఇరుసు కొన మొదటి రోజుకే అరిగిపోయి ఉంది. మొదటి మెకానిక్ దానికి డబ్బా రేకు చుట్టి బేరింగు తొడిగాడు. రెండో ఆయన సెంటర్ పంచితో చుక్కలు కొట్టి బిగుతు చేశాడు. రేకు నలిగిపోతుంది, చుక్కలు నాలుగు రోజుల్లో చదునైపోతాయి. ఇక మూడో రిపేరు. మెడ దగ్గర వెల్డింగు వేడి పడితే అక్కడ ఇనుము పెళుసెక్కుతుంది, కంటికి కనపడని చీలిక మొదలవుతుంది. బరువంతా మోసే చోటు అదే. అక్కడ పోత పోయడమంటే విరగడానికి ముహూర్తం పెట్టినట్టే. అంతగా అరిగిన కొనకు మందు ఒక్కటే, ఇరుసు మార్చడం. ఖర్చే, కాదనను. కానీ ఆ 11 వేలు ముందే అందులో పెట్టి ఉంటే చాలా వరకు తీరేది.

అందుకే నేను చెప్పేది, పాత బేరింగును పారేయకముందు ఒకసారి చదవండి. నీలం తిరిగి ఉంటే గ్రీజు లేక గానీ, నట్టు అతిగా బిగించి గానీ కాలింది. గ్రీజు పాలలా తెల్లబడి, రోలర్ల మీద తుప్పు గుంటలు ఉంటే సీలు పోయి నీళ్లు దిగాయి. దమ్ము చేలల్లోంచి, కాలవల్లోంచి లాగే మన ట్రక్కులకు ఇది మామూలే. రేసు ఒక పక్కే అరిగితే ఇరుసు వంగిందేమో చూడాలి. టైరు కూడా ఒక అంచే అరిగి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. లోపలి కోను ఇరుసు కొన మీదికి చేత్తో జరిపితే వెళ్లాలి గానీ ఊగకూడదు. బయటి కప్పు హబ్బులో బిగుతుగా కూర్చోవాలి. అది వేలితో తిరుగుతుంటే హబ్బు పోయినట్టే, ఎన్ని బేరింగులు వేసినా దండగ.

నట్టు బిగింపు సంగతి వేరుగా చెప్పాలి. పానాకు పైపు తొడిగి ఒళ్లంతా వేసి బిగిస్తే గట్టి పని చేసినట్టు చాలామంది అనుకుంటారు. బేరింగును చంపేది అదే. చక్రం తిప్పుతూ బిగించాలి, పట్టినట్టు అనిపించాక పిన్ను రంధ్రం కుదిరే దాకా కొంచెం వెనక్కి తిప్పాలి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకలాడకూడదు, తిప్పితే హాయిగా తిరగాలి. పాత పిన్ను వంచి మళ్లీ పెట్టొద్దు. పది కిలోమీటర్లు నడిపాక హబ్బు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి నిలవకపోతే అక్కడే ఆపి చూసుకోండి.

మెకానిక్కులను తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. వాళ్లూ మన ఊరి పిల్లలే, చూసి నేర్చుకున్నవాళ్లే. నేర్పే చోటేది? యంత్రాల వాడకం, రిపేర్ల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మంచి సంస్థ. కోస్తా పల్లెలో మెకానిక్ షాపు మూసుకుని అక్కడికి వెళ్లగలడా? ఆ శిక్షణ మండలాలకు రావాలని సంఘం అడగాలి. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ పెట్టి అందులో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. సంతోషమే. కానీ అది పెద్ద కంపెనీల సామాను కోసం. ఊరి వర్క్‌షాపులో, పాత లారీ ఇరుసు కోసి చేసిన ట్రక్కుకు అక్కడ ఏం దొరుకుతుంది?

అయినా మన చేతిలో ఒక చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసిన రిపేరు కూడా సేవే. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం వాడుకునే బండిని వ్యాపారం కింద తీసి పక్కన పెట్టడానికి లేదు. రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 1915కు ఫోన్ చేసినా సలహా చెబుతారు. ఏం చేయాలన్నా ముందు చేతిలో కాగితం ఉండాలి. చిన్న చీటీ అయినా సరే, తేదీ, వేసిన బేరింగు నంబరు, తీసుకున్న డబ్బు రాయించుకోండి. పాత సామాను అడిగి తెచ్చుకోండి. రాసివ్వనన్న చోట బండి విప్పనివ్వకండి.

వచ్చే మండల సమావేశానికి, ఈ సీజన్లో పోయిన బేరింగులు ఇంట్లో ఉంటే గోనెలో వేసి తీసుకురండి. లేతు పని తెలిసిన ఒకరిద్దరిని పిలుస్తున్నాం. ఏది ఎందుకు పోయిందో బల్ల మీద పెట్టి చూద్దాం.